గద్దల దవాఖానాలో మ్యాచింగ్ సెంటర్

చిలకపచ్చలో ఆరు రకాలుంటాయి. పాలమూరు క్లాక్ టవర్ దగ్గర సందులో మాదొక చిన్న మ్యాచింగ్ సెంటర్. ఫాల్స్, లైనింగు గుడ్డ, హుక్కులు, బొత్తాలు, దారాలు అమ్ముతాను. వెనక గదిలో జాకెట్లు కుడతాను. 22 ఏళ్లుగా ఇదే పని. ఎవరైనా చీర కొంగు తెచ్చి ముందు పరిస్తే, గోడ మీదున్న దారాల్లోంచి సరిపోయేది నా చెయ్యే వెళ్లి తీస్తుంది.

రెండేళ్ల కిందట కనుమ రోజు పొద్దున, దుకాణం వెనక వేపచెట్టులో ఒక గద్ద తలకిందులుగా వేలాడుతూ కనిపించింది. దాని ఎడమ రెక్కకు చుట్టుకున్న దారం నా గోడ మీది ఆరు చిలకపచ్చల్లో ఏదీ కాదు. అయినా చూడగానే గుర్తుపట్టాను. అంతకు ముందు ఏడాది సంక్రాంతికి అదే దారం నా దుకాణంలో అమ్మాను.

హోల్‌సేల్‌లో దారపు పెట్టెలు తీసుకుంటుంటే వాళ్లే అంటగట్టారు. "పండగ సీజన్ కదక్కా, పిల్లలు ఎగబడి కొంటరు" అన్నారు. అది గాలిపటాలు ఎగరేసే చైనా మాంజా అని నాకు తెలుసు. నిషేధం ఉందని కూడా ఎక్కడో చదివాను. 2017 జూలైలో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా ఈ నైలాన్ మాంజాను నిషేధించింది. చదివిన సంగతీ, అమ్మే సంగతీ నా తలలో కలవలేదు. ఆ ఒక్క పండక్కే అమ్మాను. ఆ గద్ద రెక్కకు చుట్టుకున్నది నా చేత్తో ఇచ్చిన దారమేనని చెప్పలేను, కాదని కూడా చెప్పలేను.

పక్క సందులో స్తంభం ఎక్కి పనిచేసుకుంటున్న లైన్‌మన్ తన పొడుగు వెదురు కర్రతో కొమ్మను వంచాడు. మా అబ్బాయి నిచ్చెన ఎక్కి దారం కోశాడు. గద్ద వచ్చి నేను పట్టుకున్న దుప్పట్లో పడింది. అంత పెద్ద పక్షి, ఎంత బరువుంటుందో అనుకున్నాను. ఒక పట్టుచీర బరువుంది, అంతే. తర్వాత తక్కెడలో పెడితే 690 గ్రాములు.

లైనింగు తానులు వచ్చిన అట్టపెట్టెకు చుట్టూ రంధ్రాలు చేసి అందులో పెట్టాం. ఫారెస్టు వాళ్లకు ఫోన్ చేస్తే, ఊరి బయట మామిడి తోటలో ఒక డాక్టరుగారు ఉన్నారు, అక్కడికి తీసుకురమ్మన్నారు. వాళ్ల మనిషి కూడా వచ్చాడు. ఆటోలో పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. లోపల చప్పుడు లేదు. ప్రాణం పోయిందేమోనని దారి పొడుగునా టెన్షన్. రంధ్రంలోంచి చూడబోతే ఆ ఫారెస్టు అబ్బాయి వద్దన్నాడు. "చీకట్లో ఉంటే దానికి భయం తగ్గుతదక్కా. మనం చూసిన కొద్దీ దాని గుండె కొట్టుకుంటది."

ఆ చోటుకు బోర్డు లేదు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు గద్దల దవాఖానా అంటారు. సార్ ముప్పై ఏళ్లకు పైగా గొర్రెలకూ బర్రెలకూ వైద్యం చేసి రిటైరైన పశువుల డాక్టరు. ఫారెస్టు వాళ్ల అనుమతితో, తన తోటలోనే నాలుగు గదులు వేసుకుని నడుపుతున్నారు. గద్దలు, డేగలు, గుడ్లగూబలు, పగిడికంటెలనే చిన్న గుడ్లగూబలు, ఎప్పుడైనా ఒక గరుడ పక్షి వస్తాయి. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం వీటిని ఎవరు పడితే వాళ్లు పట్టి ఇంట్లో ఉంచుకోకూడదు. అందుకే వచ్చిన ప్రతిదానికీ రిజిస్టరులో ఒక నంబరు పడుతుంది. ఎక్కడ దొరికింది, ఏమైంది, ఎక్కడ వదిలారు అన్నీ రాస్తారు. మా గద్ద 14వ నంబరు.

సార్ పెట్టె మూత తీసి, తువ్వాలు వేసి, ముందు దాని కాళ్లు రెండూ కలిపి పట్టుకున్నారు. ముక్కును చూసే మనం భయపడతాం. కానీ ఈ పక్షుల బలమంతా గోళ్లలోనే. తల మీద గుడ్డ కప్పగానే అది కదలడం మానేసింది. దారం రెక్క ముందు అంచులో ఉండే పల్చటి పొరను కోసుకుంటూ పోయి, ఎముక దగ్గర ఆగింది. భుజం నుంచి మణికట్టు దాకా సాగే ఆ పొర లేకపోతే రెక్క విచ్చుకోదు. జాకెట్టు చంక దగ్గర వేసే పీసు లాంటిది. అది లేకుండా కుడితే చెయ్యి పైకి లేవదు.

దారాన్ని ఒక్కసారిగా లాగకూడదు. ఎక్కడ ముడి పడింది, ఏ పోగు దేని కింద నుంచి వస్తుంది చూసుకుంటూ ముక్కలు ముక్కలుగా కత్తిరించి తీయాలి. సార్ కళ్లద్దాలు సవరించుకుంటూ ఇబ్బంది పడుతున్నారు. "నేను తియ్యనా సార్?" అన్నాను. నా ముఖం వైపు చూశారు. "ఏం పని చేస్తవమ్మా?" "జాకెట్లు కుడతాను." చిన్న కత్తెర నా చేతిలో పెట్టారు.

పదకొండు ముక్కలు తీశాను. ఆ దారాన్ని అంత దగ్గర నుంచి అప్పుడే మొదటిసారి చూశాను. చేప గాలం తీగలా నున్నగా ఉండే నైలాను, దాని మీద గరుకు పూత. వేలికి చుట్టి లాగితే వేలు తెగుతుంది గానీ దారం తెగదు. మా అమ్మ నాకు కుట్టు నేర్పేటప్పుడు మొదటి రోజే ఒక మాట చెప్పింది. దారం ఎప్పుడూ బట్ట కంటే కొంచెం మెత్తగానే ఉండాలి అని. బరువు పడ్డప్పుడు కుట్టు తెగాలి గానీ బట్ట చిరగకూడదు. తెగిన కుట్టు మళ్లీ వేసుకోవచ్చు, చిరిగిన బట్టను ఏం చేస్తాం? పాత నూలు మాంజా అలాంటిదే. గాజు పొడి పూసినా గట్టిగా లాగితే తెగిపోయేది. ఈ నైలాను దారం మాత్రం తాను తెగదు.

ఆ రోజు సార్ ఆ పొరను రెండు వరసలుగా కుట్టారు. నేను పక్కన నిలబడి గుడ్డ పట్టుకున్నాను. మావాడు సెలైన్ సీసా ఎత్తి పట్టుకున్నాడు. చెట్టుకే సెలైన్ ఎక్కించిన ఊరు మాది. 2018లో పిల్లలమర్రికి చెద పడితే కొమ్మ కొమ్మకూ సీసాలు కట్టి మందు ఎక్కించడం పాలమూరులో అందరికీ తెలుసు. మావాడు అప్పుడు చిన్నపిల్లాడు, వెళ్లి చూసొచ్చాడు. "అమ్మా, దీనికి ఒక్క సీసానే చాలా?" అని అడిగాడు.

తర్వాతి ఆదివారం గద్ద ఎలా ఉందో చూద్దామని వెళ్లాను. ఆ తర్వాతి ఆదివారం కూడా. నెల తిరిగేసరికి ఆదివారాలు దుకాణం తెరవడం మానేశాను.

అక్కడ నేను చేసే పనిలో ఎక్కువ భాగం కడగడమే. గది నేల గీకాలి, వాలే కర్రలు కడగాలి, రాత్రి తినగా మిగిలిన మాంసం తీసి పారేయాలి. ఆ గదులకు ఇనప జాలీ ఉండదు, నిలువుగా పాతిన వెదురు బద్దలుంటాయి. జాలీ అయితే పక్షి కొట్టుకున్నప్పుడు ఈకలు ఇరుక్కుని విరుగుతాయి. వాలే కర్రలకు కొబ్బరి తాడు చుడతాం. నున్నటి కర్ర మీద రోజుల తరబడి కూర్చుంటే అరికాళ్లు పుండ్లు పడతాయి. బయట గాలిలో తిరిగే పక్షికి ఈ బాధ పెద్దగా ఉండదు. ఈ తాడు చుట్టే పని ఇప్పుడు నాదే. సందు లేకుండా, మెలిక పడకుండా చుట్టాలంటే బొంత అంచు కుట్టేంత ఓపిక కావాలి.

తిండి సంగతి నాకు కొత్తగా తెలిసింది. గద్దకు మెత్తటి కండ ముక్కలే వేస్తూ పోతే ఎముకలు మెత్తబడిపోతాయట. ఎముకతో సహా తినాలి. అందుకే చికెన్ సెంటర్ నుంచి మెడ ముక్కలు తెస్తాం. షాద్‌నగర్ వైపు హ్యాచరీల్లో పుట్టిన రోజే తీసేసే మగ కోడిపిల్లలు కూడా ఐసు పెట్టెలో వస్తాయి. మొదటిసారి ఆ పసుపు కోడిపిల్లలను చేత్తో తీసి పళ్లెంలో పెట్టడానికి నా చెయ్యి ఆడలేదు. ఇప్పుడు పెడుతున్నాను. బాధ పోలేదు, అలవాటయింది. బాగా చిక్కిపోయి వచ్చిన పక్షికి మాత్రం రాగానే మాంసం పెట్టకూడదు. అరిగించుకునే శక్తి ఉండదు, కడుపు నిండగానే చచ్చిపోతుంది. ముందు ఒంటికి నీళ్లు ఎక్కాలి, తర్వాత పల్చటి ద్రవం, ఆ తర్వాతే ముక్క.

సార్ పెట్టిన ముఖ్య నియమాలు రెండు: లోపల మాట్లాడకూడదు. పేర్లు పెట్టకూడదు. మనిషి గొంతుకు, మనిషి చేతికి అలవాటు పడిన గద్ద బయటకు వెళ్తే ఎవరో ఒకరి ఇంటి ముందు వాలుతుంది. వాళ్లు రాయి విసురుతారు. దుకాణంలో పొద్దుటి నుంచి రాత్రి దాకా మాట్లాడే మనిషిని నేను. ఆ వెదురు గదిలో గంటసేపు నోరు మెదపకుండా పనిచేయడం మొదట్లో కష్టమైంది. రాను రాను ఆ గంట కోసమే వారమంతా ఎదురుచూడటం మొదలైంది.

నా కుట్టు అక్కడ బాగా పనికొచ్చింది. పక్షిని పట్టుకోవడానికి వాళ్లు పాత తువ్వాళ్లు వాడేవారు, జారిపోయేవి. 14వ నంబరు మత్తులో ఉండగా టేపుతో కొలతలు తీసుకున్నాను. ఛాతీ చుట్టు, మెడ, భుజం నుంచి తోక మొదలు దాకా. మెత్తటి నూలు గుడ్డతో, రెక్కలు దగ్గరగా ఆనించి ఉంచేలా, వెల్‌క్రో పెట్టి ఒక కోటు కుట్టాను. మొదటిది బిగుతైంది, ఊపిరాడక నోరు తెరిచింది, వెంటనే విప్పేశాం. పక్షి ఊపిరి తీసుకోవాలంటే రొమ్ము ఎముక పైకీ కిందికీ కదలాలి. అక్కడ బిగించకూడదని అప్పుడు తెలిసింది. రెండోది ముందువైపు వదులుగా కుట్టాను. ఇప్పుడు గద్దకు, డేగకు, గుడ్లగూబకు, పగిడికంటెకు నాలుగు సైజులున్నాయి. వెల్డింగు వాళ్లు వేసుకునే తోలు గ్లౌజులు చిరిగితే కుట్టేది కూడా నేనే.

మార్చి నెలకు గాయం మానింది. కానీ 14 ఎగరదు. రెక్క చివరి పది పెద్ద ఈకల్లో నాలుగు, దారానికి సగంలో తెగిపోయాయి. తెగిన ఈక పెరగదు. అది ఎప్పుడో ఊడిపోయి దాని చోట కొత్తది రావాలి, అందుకు నెలలు పడుతుంది. అన్నాళ్లూ గదిలో ఉంటే పక్షి ఒళ్లు, కాళ్లు, బుర్ర అన్నీ పాడవుతాయి.

అప్పుడు సార్ ఒక ట్రంకు పెట్టె తెరిచారు. దాని నిండా ఈకలే. గదుల్లో రాలినవి, చనిపోయిన పక్షుల నుంచి తీసి ఉంచినవి. అన్నీ ఒకే గోతాంలో కుక్కి ఉన్నాయి. "వీటిలోంచి సరిపోయే నాలుగు వెతకాలమ్మా" అన్నారు. నాకు నవ్వొచ్చింది, సంతోషంతోనే. ఇది నా పనే కదా.

రెండు ఆదివారాలు కూర్చుని ఆ పెట్టె మొత్తం సర్దాను. ఈక కాడకు రెండు పక్కలా వెడల్పు సమానంగా ఉండదు. గాలిని కోసే పక్క సన్నం, వెనక పక్క వెడల్పు. దాన్ని బట్టి కుడి రెక్కదో ఎడమ రెక్కదో తెలుస్తుంది. ఎన్నో ఈకో పొడవును బట్టి, కొస దగ్గర గాటును బట్టి చెప్పొచ్చు. గద్దల్లో ఆడది మగదాని కంటే పెద్దది, కాబట్టి నంబరు ఒకటే అయినా సైజు తేడా ఉంటుంది. ఒక్కోదాన్నీ కొలిచి కాగితపు కవర్లో పెట్టి రాశాను: గద్ద, ఎడమ, 7. గద్ద, కుడి, 3. డేగ, తోక. మా దుకాణంలో హుక్కుల పెట్టె ఎలా ఉంటుందో అలా ఉంది చివరికి. మాకు కావలసిన నాలుగింటిలో మూడు అచ్చు గుద్దినట్టు దొరికాయి. నాలుగోది, ఎనిమిదో నంబరు, కాస్త లేతరంగుది దొరికింది. పొడవు మాత్రం సరిపోయింది.

ఆ రోజు పని ఇప్పటికీ కళ్ల ముందుంది. పక్షికి మత్తిచ్చి, రెక్క విప్పి బల్ల మీద పరిచారు. విరిగిన ఈక మొదలు బోలుగా ఉంటుంది, గడ్డి పుల్లలా. అందులోకి దూరేలా వెదురు పుల్లను చెక్కాలి. గుండ్రంగా చెక్కితే ఈక లోపల తిరిగిపోతుంది, అందుకే మూడు పలకలుగా చెక్కాలి. అగ్గిపుల్లలో సగం మందం. బ్లేడుతో, గరుకు కాగితంతో నాలుగు పుల్లలు నేను చేశాను. పుల్ల సగం కొత్త ఈకలోకి, సగం పాత మొదట్లోకి, మధ్యలో ఒక చుక్క జిగురు. పక్క ఈకలకు జిగురు అంటకుండా కింద కాగితం పెట్టాలి. ఈక వాలు వెంట్రుకవాసి తప్పినా గాలి తప్పుగా తగులుతుందని సార్ ఒక్కోదాన్నీ మూడు వైపుల నుంచి చూసి అతికారు. పూర్తిగా పెరిగిన ఈక మన గోరు లాంటిది, నొప్పి ఉండదు. ఇంకా పెరుగుతున్న ఈకలో మాత్రం రక్తం ఉంటుంది, దాన్ని తాకకూడదు. పని అయ్యాక రెక్కను మెల్లగా ముడిచి, మళ్లీ విప్పి చూశారు. ఈకలన్నీ ఒకదాని మీదకు ఒకటి జరిగి, విసనకర్రలా విచ్చుకున్నాయి.

ఆ సాయంత్రం చేతులు కడుక్కుంటూ సార్‌కు మాంజా సంగతి చెప్పేశాను. నేను అమ్మానని. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

సార్ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత రాబందుల గురించి ఎత్తారు. నా చిన్నప్పుడు ఊళ్లో బర్రె చస్తే ఊరవతల వేసేవాళ్లు, గంటలో రాబందులు దిగేవి. పిల్లలం దూరం నుంచి చూసేవాళ్లం. ఎప్పుడు రావడం మానేశాయో ఎవరం గమనించలేదు. దేశంలో కొన్ని రకాల రాబందులు నూటికి 95కు పైగా పోయాయని, పశువులకు నొప్పి తగ్గడానికి వేసే డైక్లోఫెనాక్ సూదే కారణమని సార్ చెప్పారు. ఆ సూది వేశాక చచ్చిన పశువును తింటే రాబందుకు మూత్రపిండాలు పాడై చస్తుంది. 2004లో పాకిస్తాన్‌లో జరిగిన పరిశోధనతో ఇది బయటపడింది. 2006లో మన దేశంలో పశువులకు ఆ మందు వాడకూడదన్నారు. "అప్పటిదాకా ఎన్ని బర్లకు వేసిన్నో లెక్క లేదమ్మా. రైతు దండం పెట్టేటోడు, బర్రె లేచి నిలబడేది. మంచి పని చేస్తున్ననే అనుకున్న" అన్నారు. చెయ్యి తుడుచుకుని లోపలికి వెళ్లిపోయారు. మేమిద్దరం ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

అన్నీ బతకవు. ఆ వేసవిలో ట్రాన్స్‌ఫార్మర్ మీద కరెంటు కొట్టిన గద్ద ఒకటి వచ్చింది. గద్ద రెక్కలు చాపితే మనిషి బారెడంత దాకా వస్తాయి, ఒకేసారి రెండు తీగలకు తగులుతాయి. వచ్చిన రోజు బాగానే ఉంది. రెక్క కింద చిన్న మచ్చ, అంతే. ముక్క వేస్తే తిన్నది. నేను ఇంటికొచ్చి సంతోషంగా చెప్పాను కూడా. నాలుగో రోజు ఫోన్ చేసి రమ్మన్నారు. రెక్క మోచేతి కింద నుంచి చల్లబడి, నల్లబడి, ఎండిన తోలులా అయింది. కరెంటు లోపల రక్తనాళాలను కాల్చేస్తుంది, పైకి తెలియడానికి రోజులు పడుతుంది. ఆ రెక్క పోతే అది ఎగరదు. ఎగరని గద్దను పదేళ్లు గదిలో ఉంచడం సార్‌కు ఇష్టం లేదు. మత్తు ఎక్కువ ఇచ్చి పంపించేశారు. నేను తువ్వాలుతో పట్టుకున్నాను. దాని కళ్లు ముదురు గోధుమ రంగు. అప్పటిదాకా అంత దగ్గర నుంచి చూసే అవకాశం రాలేదు, నియమం ప్రకారం ఎప్పుడూ తల కప్పే ఉంచుతాం కదా. మామిడి చెట్టు కింద పూడ్చాం. ఆ వారం జాకెట్లు ఆలస్యమయ్యాయి. ఒకావిడ కోప్పడింది, కారణం చెప్పలేకపోయాను.

గుడ్లగూబల సంగతి వేరు. మన దగ్గర వాటిని ఎవరూ తేరు. కూస్తే చావు కబురంటారు, ఇంటి మీద వాలితే అరిష్టమంటారు. కొట్టి చంపేస్తారు. దీపావళి దగ్గర పడితే చేతబడి పేరుతో పట్టేవాళ్లు ఇంకొకవైపు. అలాంటిది వనపర్తి వైపు నుంచి ఒక ముసలి రైతు యూరియా సంచిలో ఒక గుడ్లగూబను తెచ్చాడు. తెల్లగా, తమలపాకు ఆకారం ముఖం.

"సంపుదమన్నరు బిడ్డా మా ఇంటోళ్లు. నాకు పానం ఒప్పలే. కండ్లు మూసుకుని నా దిక్కే తల తిప్పింది."

ముక్కు రంధ్రాల్లోంచి రక్తం కారుతోంది. ఎలుకల మందు తిన్న ఎలుకను తిన్నదన్నమాట. ఆ మందుల్లో కొన్ని రక్తం గడ్డకట్టకుండా చేస్తాయి. ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు మత్తుగా తిరుగుతుంది. అలాంటి ఎలుకే గుడ్లగూబకు సులువుగా దొరుకుతుంది. కె విటమిన్ సూదులు మొదలుపెట్టారు. వారాల తరబడి ఇవ్వాలి.

ఆ తాత నెల తర్వాత మళ్లీ వచ్చాడు, చూసిపోదామని. అప్పుడే గది ఊడుస్తున్నాను. గుడ్లగూబ ఎలుకను మొత్తం మింగి, అరగని బొచ్చు, ఎముకలు ఉండగా చేసి నోట్లోంచి కక్కుతుంది. బొటనవేలంత నల్లటి ఉండ. సార్ దాన్ని నీళ్లలో నానబెట్టి, పుల్లతో విప్పి తాతకు చూపించారు. బూడిద రంగు బొచ్చు మధ్యలో తెల్లగా, చింతగింజంత పుర్రెలు. పసుపు రంగు ముందు పళ్లు కూడా అలాగే ఉన్నాయి. తాత వేలితో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాడు. "ఒక్క రాత్రికా?" అన్నాడు. అవునన్నారు సార్. తాత కాసేపు అలాగే కూర్చుని, "మా మడి కాడ ఇడువుండ్రి దీన్ని" అన్నాడు. అక్కడే వదిలారు. మందు పెట్టనని మాటిచ్చాడు, గట్టు మీద అది వాలడానికి టి ఆకారంలో కర్రలు పాతాడు. నేను వెళ్లలేకపోయాను, పెళ్లిళ్ల సీజన్. అది ఎగిరినప్పుడు రెక్క చప్పుడే వినబడలేదని తోటలో పనిచేసే పిల్లవాడు చెప్పాడు.

చదువుతున్న మీకెవరికైనా ఇలాంటి పక్షి దొరికితే ఒక్క మాట. నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాలు, అన్నం, బిస్కెట్టు ఏదీ వద్దు. మీద గుడ్డ వేసి, కాళ్లు జాగ్రత్తగా పట్టి, రంధ్రాలున్న అట్టపెట్టెలో పెట్టి మూసేయండి. ఫోటోల కోసం మూత తీయకండి. ఫారెస్టు వాళ్లకు ఫోన్ చేయండి. గాలి దుమారానికి పడ్డ పిల్ల అయితే, దెబ్బ ఏమీ లేకపోతే, పైన చెట్టులో గూడు ఉందేమో చూడండి. చిన్న బుట్టలో పెట్టి కొమ్మకు కట్టినా తల్లి వచ్చి మేపుతుంది. మనిషి ముట్టుకుంటే తల్లి రాదనేది వట్టి మాట.

14ను మార్చి చివర్లో వదిలాం. అంతకు ముందు పది రోజులు దానికి కసరత్తు చేయించాలి. కాళ్లకు మెత్తటి తోలు పట్టీలు వేసి, 50 మీటర్ల తాడు కట్టి, తెల్లవారుజామున బీడులో ఎగరనిస్తారు. ఆ పట్టీలు నేనే కుట్టాను. దారం వల్ల పడ్డ పక్షికి మళ్లీ తాడు కట్టడానికి నా మనసు ఒప్పుకోలేదు. సార్ చూసి తాడు కొస నా చేతిలో పెట్టారు. అది ఎగిరే కొద్దీ వదులు ఇస్తూ పోవాలి, ఎక్కడా లాగకూడదు. మొదటి రోజు ఇరవై అడుగులు ఎగిరి కూర్చుంది, నోరు తెరిచి రొప్పింది. పదో రోజు తాడు మొత్తం అయిపోయింది. ఇంకా వెళ్తానన్నట్టు రెక్కలు కొడుతూనే ఉంది.

పెద్ద చెరువు కట్ట మీద వదిలాం. దొరికిన చోటుకు దగ్గర, పైగా అక్కడ గద్దలు ఎప్పుడూ తిరుగుతుంటాయి. కోటు విప్పి పెట్టెలోంచి నేల మీద పెట్టగానే ఒక్క క్షణం అటూ ఇటూ చూసింది. నా వైపు చూడలేదు. తోక చీలిక విప్పి, గాలికి ఎదురుగా లేచి, నీళ్ల మీదుగా వెళ్లి, పైన తిరుగుతున్న నాలుగైదింటిలో కలిసింది. ఎడమ రెక్క కొసన ఆ లేతరంగు ఈక ఉంది కాబట్టి కాసేపు గుర్తుపట్టగలిగాను. ఎండ ఎక్కాక ఏది ఏదో తెలియలేదు. సంక్రాంతి రోజులు గద్దలు గూళ్లు కట్టి గుడ్లు పెట్టే కాలమని సార్ తర్వాత చెప్పారు. జనవరిలో దానికి కూడా ఎక్కడో ఒక గూడు ఉండే ఉంటుంది.

నిరుడు సంక్రాంతి నుంచి మా సందు పిల్లలతో ఒక ఒప్పందం పెట్టుకున్నాను. చెట్లకు, స్తంభాల పక్కన, డాబాల మీద పడి ఉన్న మాంజా ముక్కలు ఏరి తెస్తే, ఎన్ని తెస్తే అన్ని నూలు దారపు ఉండలు ఉచితం. కరెంటు తీగల జోలికి పోవద్దని, అవి లైన్‌మన్ తీస్తాడని గట్టిగా చెప్పాను. ఈ సంక్రాంతికి వారం రోజుల్లో మా తక్కెడలో తూచితే 1 కిలో 400 గ్రాములైంది. గాలికి ఎగిరిపోయేంత తేలికైన దారం అది. అంత బరువు రావాలంటే ఎంత పొడుగుండాలో నాకు తెలుసు.

దాన్నంతా అంగుళం ముక్కలుగా కత్తిరించి పారేద్దామని కౌంటరు మీద కూర్చుని విప్పుతుంటే, ఒక ఉండ మధ్యలో గద్ద ఈక కనిపించింది. చుట్టూ తొమ్మిది చుట్లున్నాయి. చిన్న కత్తెరతో ఒక్కో పోగూ తీసి, వేళ్లతో నిమిరి వరసలు కలిపాను. కాడ విరగలేదు. సన్నం పక్క, వెడల్పు పక్క చూసి, టేపు పెట్టి కొలిచాను. కవరు తీసుకుని రాశాను: గద్ద, కుడి, 6.